22 ఏళ్ల స్టాపర్‌కు ఆలస్యమైనట్టేనా?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: రాసిన తమ్ముడిది గాజువాక. వయసు 22, డిగ్రీ అయిపోయింది. ఫుట్‌బాల్‌లో 19 ఏళ్లు వచ్చేదాకా మిడ్‌ఫీల్డ్‌లో ఆడి, కోచ్ చెప్పాక స్టాపర్‌గా, అంటే గోల్ ముందు మధ్యలో కాచే డిఫెండర్‌గా మారారు. విశ్వవిద్యాలయ జట్టుకు ఆడారు. రాష్ట్ర జట్టు ఎంపికలో చివరి వడపోతలో పేరు పోయింది. ఎత్తు ఆరడుగులు. ఎడమ కాలి ఆట. వేరే నగరంలో పేరున్న క్లబ్బొకటి తన రిజర్వ్ జట్టుతో సాధన చేయడానికి రమ్మంటోంది, మ్యాచ్‌ల సంగతి మాత్రం ఎత్తడం లేదు. విశాఖలోనే ఉంటే ఓ చిన్న జట్టులో ప్రతి వారం ఆడవచ్చు. నాన్నగారు ఉద్యోగం చూసుకోమంటున్నారు. "డిఫెండర్లు ఆలస్యంగా ఎదుగుతారంటారు, నిజమేనా? నాకింకా దారి ఉందా?" అని అడిగారు.

తమ్ముడూ, దారి ఉంది. అయితే అది మీరు చూస్తున్న వైపు లేదని నా అనుమానం. విశాఖలో ఒక సంస్థ జట్టుకు చాలా ఏళ్లు స్టాపర్‌గా ఆడి, ఇప్పుడు పొద్దున్నే పిల్లలకు ఆట నేర్పుతున్నవాడిగా చెబుతున్నాను. మీరు వయసు గురించి అడిగారు. నేను మ్యాచ్‌ల గురించి జవాబు చెబుతాను, ఎందుకంటే డిఫెండర్ విషయంలో అసలు లెక్క అదే.

డిఫెండర్లు ఆలస్యంగా పండుతారన్న మాట సగం నిజం. ఫార్వర్డ్‌కు కావలసిన చురుకు, బంతి మీద చనువు చిన్నప్పుడే బయటపడతాయి. పదహారేళ్ల కుర్రాడు ముగ్గురిని దాటుకుని వెళితే గట్టున నిలబడ్డవాళ్లందరికీ కనబడుతుంది. స్టాపర్ చేసే మంచి పని చాలావరకు కంటికి ఆనదు. ప్రమాదం రాకముందే రెండడుగులు పక్కకు జరిగినవాడికి చప్పట్లు రావు, ఆఖరి క్షణంలో జారిపడి బంతిని తన్నినవాడికి వస్తాయి. నిజానికి ఆ రెండోవాడు అప్పటికే ఎక్కడో తప్పు చేసి ఉంటాడు. ఆర్టీసీ కండక్టరు ముఖం చూసి ఎవరు ఏ స్టాపులో దిగుతారో చెప్పినట్టు, ఎదుటి ఫార్వర్డ్ ఎటు పరుగెడతాడో అతని భుజం కదలికను బట్టే తెలిసిపోవాలి. అది సాధనలో రాదు. పెద్దవాళ్లతో, గెలుపోటములు లెక్కకు వచ్చే మ్యాచ్‌లలో, వందల సార్లు అదే దృశ్యం చూస్తే వస్తుంది. అందుకే స్టాపర్లు ఇరవైల చివర్లో బాగా ఆడతారు. 2006లో ఇటలీ కెప్టెన్ ఫాబియో కన్నవారోకు ఏడాది ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డోర్ వచ్చేనాటికి ఆయనకు 33 ఏళ్లు. బ్రెజిల్ స్టాపర్ థియాగో సిల్వా 36 ఏళ్లకు చెల్సీతో యూరప్ క్లబ్బుల ఛాంపియన్స్ లీగ్ గెలిచాడు. అదే మనిషి ఇరవైల మొదట్లో మాస్కోలో క్షయ వచ్చి నెలల తరబడి ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. పోర్చుగల్ స్టాపర్ పెపే 41 ఏళ్లకు 2024 యూరో కప్ ఆడాడు.

మిగతా సగం ఏమిటంటే, ఆలస్యంగా ఎదిగినవాళ్లు అనేకమందిని చిన్నప్పుడు తప్పుగా వడపోశారు. వయసు విభాగాలు సాధారణంగా జనవరి 1తో మొదలవుతాయి. జనవరిలో పుట్టినవాడూ డిసెంబర్‌లో పుట్టినవాడూ ఒకే జట్టులో పోటీ పడతారు. పదమూడేళ్ల వయసులో పదకొండు నెలల తేడా అంటే భుజాల్లోనూ కాళ్లలోనూ కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఎంపికదారులు పొడుగ్గా, బలంగా ఉన్నవాణ్ణి తీసుకుని 'ప్రతిభ' అని రాసుకుంటారు. ప్రపంచమంతటా అకాడమీల్లో ఆ వయసు విభాగం మొదలయ్యే తొలి నెలల్లో పుట్టినవాళ్లే ఎక్కువగా కనబడటానికి కారణం ఇదే. నెదర్లాండ్స్ స్టాపర్ వర్జిల్ వాన్ డైక్ కూడా టీనేజీలో మొదట పొట్టివాడే. ఎత్తు ఆలస్యంగా, ఒక్కసారిగా వచ్చింది. బ్రెడాలో ఓ రెస్టారెంటులో గిన్నెలు కడుగుతూ విల్లెం 2 క్లబ్బు యువ జట్టులో ఆడేవాడు. వాళ్లు అతన్ని నిలుపుకోలేదు. గ్రోనింగెన్, సెల్టిక్, సౌతాంప్టన్ మీదుగా 2018 జనవరిలో 26 ఏళ్ల వయసులో లివర్‌పూల్ చేరాడు. 2019లో యూరప్ ఉత్తమ ఆటగాడు అతనే.

ఇవి పేరు మోసిన కథలు. మీకు నిజంగా పనికొచ్చేది ఇంకొకటి ఉంది, డాన్ బర్న్‌ది. దాన్ని కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇందులో అదృష్టం కంటే నడక ఎక్కువ.

బర్న్ 1992 మేలో ఇంగ్లండ్ ఈశాన్యంలో బ్లైత్ అనే ఊళ్లో పుట్టాడు. చిన్నప్పటి నుంచి అభిమానించిన క్లబ్బు న్యూకాసిల్. ఆ క్లబ్బు అకాడమీయే పదకొండేళ్లకు అతన్ని వద్దనుకుంది. తర్వాత ఊళ్లో చిన్న జట్లు. ఒకవైపు ఆట, మరోవైపు అజ్దా సూపర్‌మార్కెట్‌లో ట్రాలీలు తోసే పని. ఇంగ్లండ్ లీగ్‌లలో పై నుంచి నాలుగో అంచెలోని డార్లింగ్టన్ క్లబ్బుకు 17 ఏళ్లకు మొదటి మ్యాచ్ ఆడాడు. ఆ క్లబ్బు 2010లో లీగ్ నుంచే కిందికి జారిపోయింది. ఊహించుకోండి, దిగిపోయే జట్టులో స్టాపర్ అంటే ప్రతి శనివారం తొంభై నిమిషాలూ దాడి కిందే ఉంటాడు. ఏ అకాడమీలోనూ దొరకని చదువది. 2011లో అన్నిటికంటే పై అంచె అయిన ప్రీమియర్ లీగ్‌లోని ఫుల్హామ్ తీసుకుంది. మన లెక్కలో అక్కడితో కథ సుఖాంతం కావాలి. కాలేదు. ఫుల్హామ్ వాళ్లు 2012లో కుర్రాణ్ణి అద్దె పద్ధతిలో మూడో అంచెలోని యోవిల్‌కు పంపారు. 2013లో యోవిల్ ప్లే ఆఫ్ ఫైనల్లో బ్రెంట్‌ఫర్డ్‌ను 2-1తో ఓడించింది, అందులో బర్న్ గోల్ ఒకటి. యోవిల్ చరిత్రలో మొదటిసారి రెండో అంచెకు ఎక్కింది. తర్వాత బర్మింగ్‌హామ్. మళ్లీ ఫుల్హామ్. 2014లో ఆ క్లబ్బు కూడా ప్రీమియర్ లీగ్ నుంచి దిగిపోయింది.

2016లో ఒప్పందం ముగిసి, బదిలీ రుసుము ఏమీ లేకుండానే విగన్ వెళ్లాడు. అక్కడ మొదటి ఏడాదే జట్టు మూడో అంచెకు పడిపోయింది. అప్పటికి బర్న్‌కు 25 ఏళ్లు. మన దగ్గర ఆ వయసులో ఆ స్థితిలో ఉన్న ఆటగాడితో ఇంట్లోవాళ్లు ఏం మాట్లాడతారో మీకు నేను చెప్పనక్కర్లేదు. అతను అక్కడే ఉండి ఆడాడు. మరుసటి ఏడాది విగన్ మూడో అంచె ఛాంపియన్ అయింది. అదే సీజన్‌లో ఎఫ్‌ఏ కప్పులో మాంచెస్టర్ సిటీని 1-0తో ఓడించి ఇంటికి పంపింది. 2018లో బ్రైటన్ కొన్నది, ఆరు నెలలు విగన్‌కే తిరిగి అద్దెకిచ్చింది. 2019 ఆగస్టులో సీజన్ మొదలయ్యేసరికి బర్న్ ప్రీమియర్ లీగ్‌లో మొదటి పదకొండు మందిలో ఉన్నాడు. వయసు 27. అదీ తన చోట కాదు, ఎక్కువగా ఎడమ బ్యాక్‌గా, అంటే ఎడమ అంచు డిఫెండర్‌గా. ఆరడుగుల ఏడంగుళాల మనిషిని పక్కన ఆడించడం చూసి నవ్వినవాళ్లున్నారు. వేగం అతని బలం కాదు. అందుకే పరుగు పందెం పెట్టుకోడు, ఎదుటివాణ్ణి ఆలస్యం చేస్తాడు, మైదానం పక్క గీత వైపు నెడతాడు, సాయం వచ్చేదాకా ఆపుతాడు.

2022 జనవరి ఆఖరున న్యూకాసిల్ అతన్ని తిరిగి కొనుక్కుంది, దాదాపు 1.3 కోట్ల పౌండ్లకు. పదకొండేళ్లకు వద్దన్న క్లబ్బు 29 ఏళ్లకు డబ్బిచ్చి తెచ్చుకుంది. 2023 అక్టోబర్‌లో ఛాంపియన్స్ లీగ్‌లో పారిస్ సెయింట్ జర్మైన్‌పై 4-1 గెలుపులో గోల్ కొట్టాడు. 2025 మార్చి 14న ఇంగ్లండ్ జట్టులో మొదటిసారి పేరు వచ్చింది. రెండు రోజులకు లీగ్ కప్ ఫైనల్. ప్రత్యర్థి లివర్‌పూల్. మొదటి సగం ముగియబోతుండగా సహచరుడు ట్రిపియర్ కార్నర్ కొట్టాడు. బర్న్ గోల్ ముందు గుంపులోకి దూరలేదు. వెనక్కి, ఖాళీలోకి తప్పుకున్నాడు. అతన్ని కాచుకున్నది తనకంటే చాలా పొట్టి అయిన మాక్ అలిస్టర్. అంత దూరం నుంచి తలతో గోల్ కొట్టడానికి మెడలో ఎంత బలం కావాలో ఒకసారి మైదానంలో ప్రయత్నించి చూడండి. న్యూకాసిల్ 2-1తో గెలిచింది. 1955 తర్వాత ఆ క్లబ్బుకు అదే మొదటి పెద్ద దేశవాళీ కప్పు. మరో అయిదు రోజులకు, మార్చి 21న, 32 ఏళ్ల వయసులో ఇంగ్లండ్ తరఫున అల్బేనియాపై తొలి మ్యాచ్ ఆడాడు.

ఇప్పుడు ఈ ప్రయాణాన్ని ఇంకోసారి చూడండి. పదిహేడో ఏట నుంచి అతను దాదాపు ఎప్పుడూ ఎక్కడో ఒకచోట ఆడుతూనే ఉన్నాడు. పెద్ద క్లబ్బు బెంచీ మీద కూర్చోవాల్సి వస్తే కింది అంచెకు దిగాడు. జట్టు దిగిపోతే తనూ దిగి ఆడాడు. బయటివాళ్లకు అది వెనకడుగు. ఆట మాత్రం ఆపలేదు. 32కు 'ఆలస్యంగా' వచ్చాడంటున్న మనిషి అప్పటికి పదిహేనేళ్లుగా పెద్దల ఫుట్‌బాల్ ఆడుతున్నాడు.

కాబట్టి మీ మొదటి చిక్కుకు నా జవాబు: రిజర్వ్ జట్టుతో 'సాధన'కు వెళ్లవద్దు. వెళ్లాలనే ఉంటే ముందు వాళ్లను అడగండి. ఈ సీజన్‌లో రిజర్వ్ జట్టు ఏ లీగ్‌లో ఆడుతుంది? అందులో నా పేరు నమోదు చేస్తారా? నా స్థానంలో ఇప్పటికే ఎంతమంది ఉన్నారు? సూటిగా జవాబు చెబితే ఆలోచించవచ్చు. "రండి, చూద్దాం" అంటే అది ఫార్వర్డ్‌లకు ఎదురు నిలబడే బొమ్మ ఉద్యోగం. అక్కడ మంచి గడ్డి, మంచి జెర్సీ ఉంటాయి, ఫోటోలు బాగా వస్తాయి. సీజన్ అయ్యాక మీరు ఎన్ని మ్యాచ్‌లు ఆడారని అడిగితే సున్నా అని చెప్పాల్సి వస్తుంది. 23 ఏళ్ల స్టాపర్‌కు ఆ సున్నా చాలా ఖరీదైనది.

అయితే ఇంగ్లండ్ కథను తెచ్చి విశాఖకు అతికిస్తే మోసం చేసినట్టవుతుంది. బర్న్ ఎక్కిన నిచ్చెనకు మెట్లున్నాయి. నాలుగో అంచెలో కూడా జీతమిచ్చే క్లబ్బులు, వారం వారం మ్యాచ్‌లు, గట్టున కూర్చుని రాసుకునే పరిశీలకులు ఉంటారు. మనకు పైమెట్టు టీవీలో కనబడుతుంది, కింది మెట్లే విరిగి ఉన్నాయి. 2020లో ఐ-లీగ్ అనే జాతీయ లీగ్‌కు కొత్త క్లబ్బులను తీసుకున్నప్పుడు శ్రీనిధి పేరు పక్కన విశాఖపట్నం అని రాశారు. మేమంతా సంబరపడ్డాం. ఆ క్లబ్బు చివరికి హైదరాబాద్‌లో స్థిరపడింది, 2022-23లోనూ 2023-24లోనూ రన్నరప్‌గా నిలిచింది. బాగా ఆడింది, సంతోషమే. కానీ మధురవాడలో క్రికెట్ మ్యాచ్ ఉంటే జాతీయ రహదారి ఆగిపోయే ఈ ఊళ్లో, జాతీయ స్థాయి ఫుట్‌బాల్ లీగ్ మ్యాచ్ చూడాలంటే రైలెక్కాలి. తెలుగు నేలకు డిఫెండర్లు కొత్తేమీ కాదు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన భారత జట్టుకు కెప్టెన్ హైదరాబాద్ డిఫెండర్ సయ్యద్ నయీముద్దీన్. ఆ తర్వాత మనం ఏం చేశామన్నది వేరే సంగతి. దాని గురించి మొదలుపెడితే రాత్రవుతుంది.

ఈ కారణంగానే మన దేశంలో వయసు గడియారం కాస్త తొందరగా తిరుగుతుంది. భారత జట్టు స్టాపర్‌గా పేరు తెచ్చుకున్న సందేశ్ జింగన్‌నే చూడండి. 2011లో యునైటెడ్ సిక్కింతో రెండో అంచెలో మొదలుపెట్టి, 2014లో ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) మొదటి సీజన్‌లోనే కేరళ బ్లాస్టర్స్ స్టాపర్‌గా వర్ధమాన ఆటగాడి బహుమతి తీసుకున్నాడు. అప్పటికి 21 ఏళ్లు. మరుసటి ఏడాది దేశానికి ఆడాడు. 2020లో అర్జున. మీరు ఆ 21 ఏళ్ల వయసును ఇప్పటికే దాటిపోయారు, నిజమే. అయితే అతనూ పెద్ద అకాడమీ మెరుపుతో కాదు, రెండో అంచెలో పెద్దవాళ్లతో ఢీకొని వచ్చినవాడే.

మిడ్‌ఫీల్డ్ నుంచి వెనక్కి రావడం ఆలస్యమైందని మీరు బాధపడుతున్నట్టున్నారు. ఆ బాధ అక్కర్లేదు. 2006 ప్రపంచ కప్ సెమీఫైనల్లో జర్మనీపై 119వ నిమిషంలో గోల్ కొట్టి, ఫైనల్లో ఆఖరి పెనాల్టీతో కప్పు తెచ్చిన ఫాబియో గ్రోసో, ఇటలీ కింది అంచెల్లో కియేటి జట్టుకు దాడి చేసే మిడ్‌ఫీల్డర్‌గా ఆడినవాడు. పెరూజాలో 23 ఏళ్లకు ఇటలీ పై అంచె సెరీ ఆ చేరాకే ఎడమ బ్యాక్‌గా స్థిరపడ్డాడు. అయిదేళ్లు తిరక్కుండా ప్రపంచ విజేత. మిడ్‌ఫీల్డ్‌లో పెరిగినవాడికి బంతి కాలి దగ్గర ఉంటే గుండె దడ ఉండదు. నేటి స్టాపర్‌కు అది సగం బలం.

మిగతా సగం బలం మీ ప్రశ్న మధ్యలో మూడే మాటల్లో రాసి వదిలేశారు. ఎడమ కాలి ఆట. తమ్ముడూ, అది మొదటి వాక్యంలో ఉండాల్సిన సంగతి! ఎడమ కాలి స్టాపర్ల కోసం ప్రపంచమంతా వెతుకుతోంది. ఎందుకో మైదానంలో చూద్దాం. ఇద్దరు స్టాపర్లలో ఎడమవైపు ఉన్నది కుడి కాలివాడు అనుకోండి. గోల్‌కీపర్ బంతి ఇవ్వగానే దాన్ని కుడి కాలి మీదికి తెచ్చుకుంటాడు, శరీరం మైదానం మధ్యకు తిరుగుతుంది. అటు నుంచే ఎదుటి ఫార్వర్డ్ దూసుకొస్తుంటాడు. ఎడమ బ్యాక్‌కు పాస్ ఇవ్వాలంటే చేతకాని కాలితోనో, పాదం బయటి అంచుతోనో తన్నాలి. రెండూ నెమ్మదే. ఎడమ కాలివాడైతే బంతిని గీత వైపు, ఫార్వర్డ్‌కు దూరంగా తీసుకుంటాడు. భుజం తెరుచుకుని ఉంటుంది, ఎడమ గీత పొడవునా కనబడుతుంది, ముప్పై గజాల పాస్ సహజంగా అటే వంపు తిరుగుతుంది. అర సెకను మిగులుతుంది. ఆ అర సెకనుకే క్లబ్బులు డబ్బిస్తాయి. బర్న్‌ది కూడా ఎడమ కాలే, స్టాపర్‌గానూ ఎడమ బ్యాక్‌గానూ పనికొచ్చాడంటే అందుకే. మీరు కూడా ఎడమ బ్యాక్ ఆడటానికి సిద్ధమని కోచ్‌కు మీ అంతట మీరే చెప్పండి. జట్టులో రెండు చోట్ల ఆడగలవాడి పేరు పట్టికలోంచి అంత తేలిగ్గా పోదు.

రాష్ట్ర జట్టులో ఎందుకు పోయిందో నాకు తెలియదు. చూడకుండా తీర్పు చెప్పను. కానీ మిడ్‌ఫీల్డ్ నుంచి వెనక్కి వచ్చిన కుర్రాళ్లలో నేను తరచుగా చూసే లోపం ఒకటుంది. బంతిని చూస్తారు, తన్నబోయేవాణ్ణి చూడరు. ఎదుటి జట్టు బ్యాక్ దగ్గర బంతి ఉందనుకోండి. అతను తల దించి కాలు వెనక్కి తీశాడంటే పొడుగు బంతి వస్తోందని అర్థం. మీరు కదలాల్సింది ఆ క్షణంలోనే, బంతి గాల్లోకి లేచాక కాదు. పక్కకు తిరిగిన భంగిమలో రెండు మూడు అడుగులు వెనక్కి. గోల్ వైపు వీపు పెట్టి నిటారుగా నిలబడితే తిరగడానికే సమయం చాలదు. అదే అతను బంతిని వెనక్కి తిప్పుకున్నాడా, మీ వరుస మొత్తం ముందుకు రావాలి, ఆ మాట మీరే గట్టిగా అరిచి చెప్పాలి. మన కుర్రాళ్లకు ఈ అరుపు అసలు రాదు. పక్కనున్నది సీనియర్ అయితే మరీనూ. "అన్నా, ముందుకు రండి" అనడానికి మొహమాటం. స్టాపర్ నోరు మూసుకుంటే గోల్‌కీపర్ బంతిని వలలోంచి తీసుకుంటాడు. మర్యాద మ్యాచ్ అయ్యాక చూపించవచ్చు.

ఇక విశాఖలో ఏం చేయాలన్నది. మీకు చిన్న జట్టు ఉందన్నారు, అందులో చేరండి. అయితే ఆ జట్టు ఆడేది గుర్తింపు ఉన్న లీగేనా, ఫెడరేషన్ రిజిస్ట్రేషన్ వ్యవస్థలో మీ పేరు ఎక్కుతుందా అన్నది చూసుకోండి. రేపు వేరే క్లబ్బు అడిగితే చూపించడానికి ఆ నమోదే ఆధారం. నేవీ, రైల్వే, పోర్టు, స్టీల్‌ప్లాంట్ కుర్రాళ్లతో సన్నాహక మ్యాచ్ ఎక్కడ దొరికినా వదలవద్దు. ముఖ్యంగా నేవీ జట్లతో ఆడితే దేశం నలుమూలల ఫుట్‌బాల్ ఒకే మధ్యాహ్నం రుచి చూడవచ్చు. మణిపూర్ వింగర్ ఒకవైపు, కేరళ ఫార్వర్డ్ ఇంకోవైపు. అలాంటి మధ్యాహ్నం ఓ నెల సాధనతో సమానమని నా లెక్క.

టర్ఫ్‌లో రాత్రి పూట ఆడే అయిదుగురి ఆటను మాత్రం మీ లెక్కలో వేసుకోవద్దు. సరదాకు ఆడుకోండి. అక్కడ ఆఫ్‌సైడ్ లేదు, గాల్లో బంతి లేదు, వల చుట్టూ ఉంటుంది కాబట్టి గీత కూడా లేదు. స్టాపర్ నేర్చుకోవాల్సిన మూడూ అక్కడ ఉండవు. పైగా ఆ గట్టి నేల మీద రాత్రి మోకాలు తిప్పుకుని పొద్దున్న మ్యాచ్‌కు కుంటుతూ వచ్చే కుర్రాళ్లను చూసి విసిగిపోయాను.

బీచ్‌లో పరుగు గురించి కూడా ఒక మాట. ఆర్కే బీచ్ ఇసుకలో పరుగెత్తితే కాళ్లకు బలమని విశాఖలో అందరూ చెబుతారు. వారానికి ఒకటి రెండుసార్లు, కొద్దిసేపు అయితే మంచిదే. రోజూ గంట మెత్తటి ఇసుకలో దంచితే పిక్కలూ మడమ వెనక నరమూ పట్టేస్తాయి. వాలుగా ఉన్న తడి ఇసుక మీద ఒకే దిశలో పరుగెత్తడం ఇంకా చెడ్డది. దాని బదులు ఫిఫా 11 ప్లస్ అనే వార్మప్ నేర్చుకోండి. పదిహేను వ్యాయామాలు, ఇరవై నిమిషాల పని, పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. గాయాలు తగ్గించడానికే దాన్ని తయారుచేశారు. 22 నుంచి 30 దాకా ఆడాలనుకునేవాడికి వేగం పెంచుకోవడం కంటే గాయపడకుండా ఉండటమే పెద్ద ప్రతిభ. ఇక్కడి ఉక్కపోతలో ఏప్రిల్ వచ్చాక ఎండెక్కితే శరీరం చేసేది సాధన కాదు, చెమట కార్చడం. ఆరు గంటలకల్లా మైదానంలో ఉండండి.

నాన్నగారి మాట. దీన్ని మీరు అడ్డంకిలా రాశారు. నాకు అలా అనిపించలేదు. మన దగ్గర స్టాపర్‌కు నిజమైన గడువు 32 కాదు, 25. రైల్వే క్రీడా కోటా నియామకాలకు వయసు 18 నుంచి 25 లోపు ఉండాలి, అందులో సడలింపు ఉండదు. ఏ స్థాయి పోటీలో ఆడారు, జట్టుకు ఏ స్థానం వచ్చింది అన్న సర్టిఫికెట్లు కావాలి. మిగతా సంస్థలకు వేరే వేరే పరిమితులుంటాయి, ప్రకటన వచ్చినప్పుడు చదువుకోవాలి. అంటే మీ చేతిలో సుమారు మూడు సీజన్లున్నాయి. సంస్థ జట్టులో ఉద్యోగం వస్తే ఆట ఆగిపోదు సరికదా, జీతంతో పాటు సంతోష్ ట్రోఫీ లాంటి జాతీయ పోటీల దాకా వెళ్లే దారి తెరుచుకుంటుంది. ఐఎస్‌ఎల్ అవకాశం వస్తే వెళ్లండి. రాకపోతే ముప్పై అయిదు దాకా ఆడుకునే ఉద్యోగం తక్కువేమీ కాదు. నేను చేసిందదే, నాకు ఏ లోటూ లేదు. నాన్నగారికి 'ఉద్యోగమా, ఆటా' అని చెప్పకండి. 'ఆట ద్వారా ఉద్యోగం, 25 దాకా గడువు' అని తేదీతో సహా చెప్పండి. మన పెద్దవాళ్లకు కోపం ఆట మీద కాదు, అంతులేని ఎదురుచూపు మీద.

ఇంకొక నిజం కూడా చెప్పాలి. బర్న్ లాంటివాడు ఒకడుంటే, అదే దారిలో నడిచి ఎక్కడికీ చేరనివాళ్లు వందల్లో ఉంటారు. వాళ్ల గురించి ఎవరూ రాయరు. ఇటలీలో వడ్రంగి పని చేస్తూ కింది అంచెలో ఆడుతున్న మోరెనో టోరిచెల్లిని యువెంటస్ 1992లో తీసుకుంది, 1996లో ఛాంపియన్స్ లీగ్ గెలిచిన జట్టులో ఉన్నాడు. ఆ దుకాణంలో అతని పక్కన రంపం పట్టుకున్నవాడూ బాగా ఆడి ఉండవచ్చు. అందుకే 25 దాకా అని గడువు పెట్టుకోమంటున్నాను.

ఇక మీ ఆట చూడకుండా ఇంతకంటే చెప్పడం అన్యాయం. వచ్చే మ్యాచ్‌లలో ఏదైనా ఒకటి ఫోనులో తీయించి పంపండి. మంచి ముక్కలు కత్తిరించి పాట పెట్టిన వీడియో వద్దు, అందులో ప్రతివాడూ వాన్ డైకే. పూర్తి తొంభై నిమిషాలు కావాలి. మైదానం మధ్య గీతకు ఎదురుగా, వీలైతే మెట్ల మీదనో గోడ మీదనో కాస్త ఎత్తు నుంచి తీయాలి. బంతి వెంట కెమెరా తిప్పవద్దని ఆ తీసే స్నేహితుడికి ముందే చెప్పండి. బంతి అవతలి సగంలో ఉన్నప్పుడు మీరు ఎక్కడ నిలబడ్డారో నాకు కనబడాలి. మీ జట్టు ఓడిపోయిన మ్యాచ్ అయితే ఇంకా మంచిది.